తిరుగు దారి లెక్క

రాయగడలో పాత బళ్ల బేరాలు చేస్తాను.
టైరు గోరుతో గీరి వయసు చెప్తాను,
ఇంజను దగ్గు విని రోగం చెప్తాను.
గంటేడ రామ్మూర్తి తెచ్చి నిలబెట్టిన
ఈ బుల్లి కరెంటు కారు మాత్రం
నాతో ఏమీ మాట్లాడలేదు.
దగ్గదు. పొగ రాదు. చమురు కారదు.
ఒక అంకె వెలిగించి ఊరుకుంటుంది.

కొత్తలో రెండొందలు పోతుందన్నాడట కంపెనీవాడు.
"నూట నలభై వచ్చేది" అన్నాడు రామ్మూర్తి, గొంతు తగ్గించి.
ఇప్పుడో?
"డెబ్బై. ఏసీ వెయ్యకపోతే."
అంటే ముప్పై అయిదన్న మాట.
వెళ్లడానికి బండెవడు కొంటాడు బాబూ,
వెళ్లి రావడానికి కొంటారు గానీ.

ఎనిమిదిన్నర లక్షలు పోసినవాడు
రెండు అనేసరికి మొహం తిప్పుకుని
నాగావళి వైపు చూస్తూ నిలబడ్డాడు.
వైశాఖంలో నాగావళి,
దానికీ ఛార్జి అడుగంటే ఉంది.

పార్వతీపురం నుంచి ఒకాయన బస్సులో దిగాడు.
కూనేరు దాటి, కొమరాడ దాటి
ఇంటికి చేరుతుందా?
చేరుతుంది, ఇంకా కొంత మిగుల్తుంది.
"మరి తేడా వస్తే మీ దగ్గరికి తేవాలంటే?"
అదే సార్ నాకు దీన్లో నచ్చిన గుణం,
తిట్టడానికి తిరిగొచ్చేంత కరెంటు ఉండదు.
నవ్వాడు. టీ తాగాడు. కొనలేదు.

పాత ఇనుము బెహెరా వచ్చాడు.
తలుపైనా తియ్యకుండా కిందకి దూరి
బ్యాటరీ ఎన్ని కిలోలన్నాడు.
వెనకద్దం మీద రామ్మూర్తి కూతురు అంటించిన
సీతాకోకచిలుక బొమ్మ ఎండకి సగం ఊడి
గాలికి నిజంగానే రెక్క ఆడిస్తోంది.
దాన్ని తూకంలో వెయ్యలేదు.

మిగిలిన వాళ్లందరిదీ ఒకటే మాట.
ఎక్కడికి చెప్పినా సరే,
తెరువలికి, గుణుపురానికి, అత్తారింటికి,
"ఫేరిబ కి?"
తిరిగొస్తుందా?

ఆఖర్న ఘాటీ పైనున్న కుంబారిగుడ నించి
జమునా కడ్రక.
ఎంత దూరం పోతుందని అడగలేదు.
వెనక సీటుని మూరలేసి కొలిచింది.
"ఇది పీకితే ఎన్ని బస్తాలు?"
నాలుగు. ఒత్తితే అయిదు.
అల్లమూ పసుపూ దింపడానికి ఆటోవాడు
బస్తాకి ఎంత గుంజుతున్నాడో చెప్పింది,
వాడి పుట్టుక గురించీ చెప్పింది.
ఆనక ఆగి,
"అయిదేళ్లు పోయాక నేనమ్మితే ఎంతొస్తుంది?"

ముప్పై ఏళ్లుగా దీనికి జవాబు
నా నాలిక కింద చప్పరింపు బిళ్లలా ఉంటుంది.
సగం ధర ఎక్కడికీ పోదమ్మా, నాదీ పూచీ.
ఆ వేళ బిళ్ల కరిగిపోయి ఉంది.
అయిదేళ్లకి ఈ డెబ్బై నలభై అవుతుందేమో,
కొత్త బళ్లు ఆరొందలు పోయి దీన్ని వెక్కిరిస్తాయేమో,
బ్యాటరీ ఏ కిరాణా కొట్లోనో దీపం అవుతుందేమో,
లేక బెహెరా కాటా ఎక్కుతుందేమో.
"జాణి నాహి" అన్నాను.
తెలీదు.
ఈ వ్యాపారంలో ఆ మాట అనడం అదే మొదలు.
అటు తిరిగి ఎవరైనా విన్నారేమో చూసుకున్నాను కూడా.

ఆమె గుడ్డ సంచీ విప్పి
లక్షా తొంభై అయిదు లెక్కపెట్టింది.
నోట్లు పసుపు వాసనేశాయి.
నా కమీషను ఇప్పటికీ వాసనేస్తోంది.

రెండు వారాలకి ఫోను.
"బండి పాడైంది బాబూ,
ఘాటీ దిగుతుంటే అంకె పెరుగుతోంది!"

అప్పుడు తట్టింది నాకు.
నిండు బస్తాల బరువుతో కిందికి జారేటప్పుడు
అది తన కడుపు తనే నింపుకుంటుంది,
ఖాళీ అయ్యాకే పైకెక్కుతుంది.
ఊరంతా మైళ్లు అడిగింది గానీ
వాలు ఎటుందని ఒక్కరూ అడగలేదు,
నాతో సహా.

పాడవలేదమ్మా, అన్నాను.
రామ్మూర్తికి చెప్పలేదు.
రాత్రి పడుకున్నాక మా ఆవిడతో మాత్రం అన్నాను,
ఇంకో పాతిక వేలు అడగాల్సిందే అని.