చెమ్మ కొలత

ఎసెక్స్ తీరాన ఆ గేటు దాటగానే
వీధులన్నీ సముద్రం వైపే తల తిప్పుకుని ఉంటాయి.
ఎవరో స్కేలు పెట్టి గీసిన పేట.
ప్రహరీ మూడడుగులు, మీద ఒక్క అంగుళం పెరగకూడదు.
తెలుపు కూడా వాళ్లు చెప్పిన తెలుపే:
మీగడ రంగు పనికిరాదు,
కోడిగుడ్డు పెంకు రంగుకి అర్జీ పెట్టుకోవాలి.

పద్నాలుగో నంబరు.
మూల దగ్గర గోడ గుండ్రంగా తిరిగితే
అద్దం కూడా దాని వెంటే వంగి తిరుగుతుంది.
పైన డెక్కు, ఇనుప కమ్మీలు, ఓడకున్నట్టే గుండ్రటి కిటికీ.
తొంభై ఏళ్లుగా బయలుదేరబోతున్న ఇల్లు.

నా చేతిలో మీటరు.
రెండు సూదులు గోడకి గుచ్చితే
ఎంత తాగిందో గోడే ఒప్పుకుంటుంది.

మిసెస్ పెంఫోల్డ్‌కి ఎనభై నాలుగు.
"ఈ డాబా ఇటలీ కోసం గీసింది,
పొరపాటున మాకు దింపేసి పోయారు" అంది
వంటింట్లో బకెట్టు కాస్త జరుపుతూ.
దాని కింద గచ్చు మీద గుండ్రటి మరక.
ప్లానులో లేనిది ఆ వృత్తం ఒక్కటే.

హాల్లో ఫ్రేము కట్టిన అమ్మకం కరపత్రం:
రేపటి ఇల్లు, ఆసాంతం కాంక్రీటు.
బొమ్మలో ఒక జంట, ఒక కారు,
ఈ తీరం ఏనాడూ చూడనంత నీలం.

పడమటి గోడ పెచ్చులూడుతోంది.
ఉలితో మెల్లగా గీకాను.
రంగు, రంగు, ఇంకో రంగు, సిమెంటు,
దాని కింద
ఇటుక.
ఎర్రటి మామూలు ఇటుక, చేత్తో పేర్చింది.
కాంక్రీటు పోయడం రాని మేస్త్రీలెవరో
తమకొచ్చిన పని చేసుకుపోయి
పైన రేపటిని పూశారు.

పైన పటారం, అనబోయి
నాలుక కరుచుకున్నాను.
లోన లొటారం ఎక్కడుంది?
ఇన్ని చలికాలాల ఉప్పుగాలిని
మోసింది ఇదే కదా.

"తెలుసు" అంది ఆమె, నా వెనకనుంచి.
"కాపురానికి వచ్చిన వారంలోనే
రేమండ్ పటానికి మేకు కొట్టాడు. ఎర్రపొడి రాలింది.
ఇద్దరం ఊడ్చేసి ఊరుకున్నాం.
ఈ వీధిలో ప్రతి ఇంట్లో పటాలున్నాయమ్మా,
ప్రతి పటానికీ మేకుంది.
ఒక్కరూ నోరు విప్పలేదు."

పైకి వెళ్లాం, కప్పు చూడ్డానికి.
ఇంటి ముందు బట్టలు ఆరేయరాదు, ఏడో నిబంధన.
డెక్కు కమ్మీ మీద ఆమె ఈతదుస్తు,
పొద్దుటి సముద్రం ఇంకా కారుతూనే ఉంది.
క్లిప్పుకి కమిటీ వారి ఉత్తరం కూడా కలిపి పెట్టింది,
అదీ తడిసింది, అదీ ఆరుతోంది.

రిపోర్టులో 'గోడ దేనితో కట్టింది' అనే గడి దగ్గర
పెన్ను ఆగింది.
"రాయమంటారా?"

ఆమె కాసేపు నీళ్లవైపు చూసింది.
"రాయి. అబద్ధం ఎందుకు.
కాకపోతే
కాస్త చిన్నక్షరాలతో రాయి."