పది తూటాల లెక్క

చిన్నాన్న దినాలయ్యాక
పిన్ని గోనెసంచి విప్పి మంచమ్మీద పెట్టింది దాన్ని,
పసిపిల్లని పక్క మార్చినట్టు,
మూతి గోడవైపు తిప్పి.
"ఇనుప సామాన్ల సంగతి నీకెరుక గదా.
నువ్వే అట్టుకుపో."

కుట్టుమిషన్లు బాగుచేసేదాన్ని నేను.
కంచిలి బజార్లో నాలుగడుగుల కొట్టు.
షటిల్, బాబిన్, సూదికింద పళ్ళు
ఇంతే నాకు తెలిసిన ఇనుము.
ఇదేమో త్రీనాట్‌త్రీ.
పట్టాళం వద్దనుకున్న సరుకుని
డిపో వేలంలో కొన్నాడట దున్న కూర్మయ్య,
హవల్దారుగా దిగిపోయిన యేడు,
మొదటి పింఛను డబ్బుతో.
ఆ డబ్బుకి తను ముక్కుపుడక అడిగానని
పిన్నే చెప్పింది, నవ్వకుండా.

లైసెన్సు నా పేరుకి మారడానికి
పదకొండు నెలలు,
శ్రీకాకుళానికి తొమ్మిదిసార్లు బస్సు.
గుమాస్తా కళ్ళద్దాలు పైకి నెట్టి
"ఆడగుంటకా?" అన్నాడు.
"తుపాకీకి తెలీదు లెండి" అన్నాను.

విప్పాను.
పేపరు పరిచి, విప్పిన వరసలోనే మరలు పేర్చి.
బోల్టు కిరసనాయిల్లో మూడ్రోజులు నానింది.
ఉద్దానం గాలిలో ఉప్పుంటుంది,
ఏడాదికే కత్తిపీట నల్లబడే చోట
యాభై ఏళ్ళ గొట్టం ఎంతని ఓర్చుకుంటుంది?
పాత లుంగీ పీలిక తాడుకి కట్టి లాగితే
మొదట నలుపు,
తర్వాత కాఫీ రంగు,
నలభయ్యో పీలికకి ఏ రంగూ లేదు.
ఒక కన్ను మూసి చూశాను.
లోపల మెలితిరిగిన గాళ్ళు,
అటు చివర మా జీడితోట, రూపాయంత.

ఊరంతా ఎరిగిన కథ:
కూర్మయ్య ఎలుగ్గొడ్డుని కొట్టాడు.
జీడిపళ్ళ రోజుల్లో, తెల్లారగట్ట, ఒక్క దెబ్బకి.
చెప్పిన ప్రతిసారీ ఎలుగు జానెడు పెరిగేది.
సరిగ్గా అక్కడ మేం పిల్లలం "ఢాం" అనేవాళ్ళం.
ఆయన ఆగి,
మా ఢాం అయ్యాకే కథ అందుకొనేవాడు.

లైసెన్సు పుస్తకం వెనక పేజీలో
ఊదా సిరా, స్టేషను ముద్ర:
కొన్నవి పది తూటాలు.
అప్పగించినవి,
డయాలసిస్‌కి పలాస తిరిగిన ఆఖరేడు,
వణికే సంతకంతో,
పది.
మళ్ళీ చూశాను. పదే.
ఇన్నేళ్ళూ ఆ ఢాం మాదేనన్నమాట.

కర్రపనికి సింహాద్రాచారి దగ్గరికి మోసుకెళ్ళాను.
తిత్లీకి కూలిన మా పనస దుంగ
ఆయన కొట్లోనే ఎండుతోంది ఇన్నాళ్ళూ.
స్టాకు మెడ దగ్గర పగులు,
దానికి చుట్టిన రాగితీగె.
తీగె విప్పి, వేలితో తడిమి అన్నాడు:
"కింద పడితే ఇరిగింది కాదు తల్లీ ఇది.
గొట్టం అట్టుకుని, దుడ్డుకర్ర తిప్పినట్టు తిప్పి
దేన్నో కొట్టినారు."
మడమ దగ్గర నాలుగు గీతలు,
లోతుగా, పక్కపక్కనే.
"ఇయ్యి ఉలి గీతలు కావు."

నిజమే, "కొట్టాను" అనేవాడు.
"పేల్చాను" అని ఎప్పుడూ అన్లేదు.

ఆ రాత్రి పిన్నినడిగాను.
చేపల పులుసు కాస్తూ చాలాసేపు మాట్లాడలేదు.
"ఈపు మీద పిల్లుందంట దానికి," అంది.
"అంతే అన్నాడు. అన్నం తినకుండా పడుకున్నాడు.
మరి అడగనేదు నాను."
ఇంకేదో అనబోయి
పులుసులో ఉప్పు చూసింది.

పాత నలుపు పక్కన
పనస అతుకు పచ్చగా కొట్టొచ్చినట్టుంది.
"రెండేళ్ళకి కలిసిపోద్ది" అని ఆచారి
గరుకు కాగితం గీతల మీదికి తెచ్చాడు.
చెయ్యి అడ్డం పెట్టాను.
ఆయన నా మొహం చూసి
కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఎలక్షన్లొచ్చాయి.
తుపాకులన్నీ స్టేషన్లో అప్పజెప్పాలి.
హెడ్డు కానిస్టేబులు అటూ ఇటూ తిప్పి చూశాడు.
"తూటాలు?"
"లేవు."
"పనిచేస్తుందా?"
"చేస్తుంది. మిషను నూనె వేశాను."
"మరీ గీతలేటి? రేపొచ్చి మేం గీశామంటావు."
"రాసుకోండి" అన్నాను.

రాశాడు:
గీతలు, నాలుగు. పాతవి.