దారం తెగితే

రాత్రి తొమ్మిదింటికి
నా స్టేటస్‌లో ఒక చిక్కుప్రశ్న పెడతాను.
పుస్తకంలోది కాదు, పరీక్షలో రాదు,
దానికి మార్కుల్లేవు.
అందుకే ఎవరూ చూడరన్నాడు మా లెక్కల సారు
టిఫిన్ డబ్బా మూత బిగిస్తూ.

మొదటి వారం నిజంగానే చూడలేదు.
గ్రూపుకి "కోడింగ్ తరగతి" అని పేరు పెట్టాను,
తరగతి అన్న మాటకే పిల్లలు జడుసుకున్నారు.
మునిచంద్ర ఒక్కడు గులాబీ బొమ్మ పంపాడు,
మర్నాడు మళ్ళీ అదే గులాబీ.
పేరు మార్చాను: "తొమ్మిదింటి తిక్క".
అప్పుడొచ్చారు ముప్పై ఏడుగురు,
సగం మంది నాన్నల ఫోన్లలోంచి.
దొరస్వామి తప్పు రాస్తే ఇంతియాజ్ మీమ్ చేశాడు,
చూస్తే ఆ మీమ్‌లోనే ఉంది జవాబు.
నేనైతే బోర్డంతా నింపేదాన్ని.

మా నగరిలో సిగ్నల్‌కి సరిహద్దు తెలీదు.
మిద్దె మీద ఈ మూల ఆంధ్ర,
నాలుగడుగులు జరిగితే
తమిళనాడుకు స్వాగతమని మెసేజి.
ముక్కు కొండ మాత్రం
ఎటు తిరిగి చూసినా అదే ముక్కు.

చూసినవాళ్ళ వరసలో
ఒక పేరు రోజూ ఆలస్యంగా వచ్చేది.
కుముదవల్లి, తొమ్మిది బి.
చూస్తుంది. రాయదు. గులాబీ కూడా పంపదు.
ఒకనాడు పదకొండూ నలభై, ఒకనాడు పన్నెండుంబావు.
ఈ వేళప్పుడు ఈ పిల్లకు ఫోనేమిటని
పైకే విసుక్కున్నాను ఒక రాత్రి.
ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ముఖం చిట్లుతుంది.

ఆనాటి ప్రశ్న ఇది:
తిరిగిందే తిరుగుతూ,
ఎవరూ వద్దనకుండానే
సమయం చూసి తనంతట తాను ఆగేదేమిటి?
జవాబులు రాలాయి.
మా తాత గురక, అవ్వ గిల్లితే.
గుడి దగ్గర గిరగిర బండి, రూపాయి అయిపోతే.
రెండు జీబీ డేటా, పదింటికల్లా.
నవ్వుకుని ఛార్జింగ్ పెట్టి పడుకున్నాను.

పన్నెండు దాటాక ఒక వాయిస్ మెసేజి.
మొదట మాట లేదు.
టకటక టకటక టకటక
మరమగ్గం.
దాని మీదికి గొంతు పెంచి ఒక పిల్ల:
"మేడం, ఇనండి. ఇది పోతానే వుంటాది.
ఒక పోగు, ఇంకో పోగు, ఇంకో పోగు.
పోగు పోగుకీ ఈడ చిన్న ముల్లు
తడిమి చూస్తాది, దారం వుందా అని.
వుంటే పోతాది.
తెగిందనుకో..."
తనే తెంపింది కాబోలు.
టకటక టక్.

ఎంత నిశ్శబ్దమంటే
వాళ్ళింటి బల్లి అరుపు నాకు వినిపించింది.
"...నిల్చిపోతాది. మీరు అడిగింది ఇదే గదా?"
వెనక నుంచి ఒక అరుపు:
ఎవురే మగ్గం నిలిపింది!
అక్కడితో సరి. నలభై ఒక్క సెకన్లు.

మూడు రాత్రులు నేను
ఈ సంగతి చెప్పే బొమ్మ కోసం నెట్టంతా వెతికాను.
మా వీధిలో ఎనిమిది మగ్గాలున్నాయి.

పొద్దున గ్రూపులో పెట్టాను, ఆ పిల్లనడిగి.
ఇంతియాజ్ మీమ్ చేయలేదు.
దొరస్వామి రాశాడు:
మా ఇంట్లో నాలుగుండాయి,
నేనెందుకు చూడలా?

బడి వదిలాక కుముదవల్లి వచ్చింది,
చేతివేళ్ళకు నీలం రంగు, కళ్ళ కింద ఇంకో నీలం.
రాత్రిపూట మగ్గం దగ్గర కావలి తనదట,
తెగితే ముడేయాలి, అంతే పని.
ఫోను బాబిన్ మార్చేటప్పుడు లైటు కోసం.
"మేడం, దారం తెగితే
ఫోను మోగేట్టు చేయొచ్చునా?
అంతదాకా పడుకుంటాను."

నాకు రాదమ్మా అన్నాను.
ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో
ఒక పిల్లతో ఆ మాట అనడం అదే మొదలు.

ఆ రాత్రి తొమ్మిదింటికి
ఆమె ప్రశ్నే పెట్టాను, ఆమె పేరుతో.
తొమ్మిదీ రెండుకి మొదట చూసింది
మా లెక్కల సారు.
ఏదో టైప్ చేస్తున్నాడు, చెరుపుతున్నాడు, చేస్తున్నాడు.

ఒంటిగంటైనా కుముదవల్లి పేరు రాలేదు.
కరెంటు పోయిందేమో.
నిద్రపోయి ఉంటే బాగుండును.