తొమ్మిదో స్లైడ్

ట్రోమ్సోలో నవంబరు చివరి వారం.
మధ్యాహ్నం రెండింటికే దీపాలు.
పాఠం అయ్యాక ఖాళీ హాల్లో
వెనక బల్ల మీద ఒక నోటుపుస్తకం దొరికింది.
అట్ట మీద పేరు సింజిన్కాయో.
బురుండీ నుంచి వచ్చినవాడు,
ఎప్పుడూ టోపీ తీయనివాడు.

తెరవకూడదు. తెరిచాను.

అన్నీ నా స్లైడ్లే. ఎక్కించుకున్నాడు,
అక్షరం పొల్లుపోకుండా, సగం దాకా.
"వాలు ముప్పై డిగ్రీలు దాటినప్పుడు పై పొర బరువు కింది"
అక్కడ ఆగింది.
నేను మీట నొక్కిన చోటు అది.
"గాలి మోసుకొచ్చిన మంచు ఒకవైపే పేరుకుని, దానివల్ల"
దానివల్ల ఏమిటో
ఆ అబ్బాయికి నేను చెప్పనేలేదు.
తొమ్మిది పేజీలు.
చుక్క పెట్టిన వాక్యం ఒక్కటీ లేదు.

పద్దెనిమిదేళ్ళుగా నేను చెప్పే పాఠం ఒకటే:
మంచుచరియ ఎందుకు విరిగిపడుతుంది?
ఉత్త బరువు వల్ల కాదు.
మోయలేని పొర మీద
తెరిపి లేకుండా పడిన బరువు వల్ల.
ఈ మాటే
ఇరవయ్యొక్క వరుసల్లో, చీమల బారులా
రాసి మరీ చెప్పాను.

ఆ రాత్రి ముందుగా జోకు తీసేశాను.
మా చిన్నప్పటి టీవీలో
మంచులో కూరుకుపోయే తపాలా బంట్రోతు.
ముగ్గురు నవ్వుతారు, ముగ్గురూ ఈ ఊరి పిల్లలే.
మిగతావాళ్ళు ఆ ముగ్గురి మొహాలు చూసి
రెండు క్షణాలు ఆగి నవ్వుతారు.
ఆ రెండు క్షణాలు నాకు ఎన్నడూ వినపడలేదు.

తర్వాత పేర్లు.
ఒకే పొరని ఒకచోట చక్కెర మంచు అన్నాను,
ఒకచోట లోతు మంచు, ఇంకోచోట బలహీన పొర.
భాష మీద పట్టు అనుకున్నాను దాన్ని.
పరీక్షలో ఖాంపుయ్ మూడు పొరలు గీస్తే
రెండు మార్కులు కోశాను కూడా.
ఇప్పుడు ఒక్క పేరే. బలహీన పొర.
ప్రతిచోటా అదే, విసుగు పుట్టేంతగా అదే.

ఎరుపు గీత, ఆకుపచ్చ గీత.
తన కంటికి రెండూ ఒకే బురదరంగని
షావ్కత్ సెప్టెంబరులోనే చెప్పాడు.
నవ్వుతూ చెప్పాడు గనక మర్చిపోయాను.
ఒకదాన్ని చుక్కల గీత చేశాను.

"పళ్ళున్నవాళ్ళకి గుజ్జు తినిపిస్తావా?"
అంటాడు పక్కగది స్టైనార్.
నిజం లేకపోలేదు.
లెక్క కష్టమే, దాన్ని కష్టంగానే ఉంచాను.
అరటిపండు ఒలిచి చేతిలో పెట్టడం నాకు చేతకాదు.
కానీ తొక్క నాది.
అది వాళ్ళెందుకు నమలాలి?

తెల్లారేసరికి,
ఇక్కడ తెల్లారదు, గడియారం ఏడు కొట్టేసరికి,
మిగిలింది ఒక బొమ్మ, ఆరు మాటలు,
చుట్టూ చాలా తెలుపు.
జీతానికి ద్రోహం చేసినట్టు అనిపించింది.

నోటుపుస్తకం తిరిగిచ్చేశాను. చూశానని చెప్పలేదు.
పాఠంలో మీట నొక్కి
నోరు మూసుకున్నాను.
అరవై దాకా లోపలే లెక్క.
పెన్నులు కదిలాయి, ఒక్కొక్కటే ఆగాయి.
నలభై ఏడు దగ్గర నాలుక దురద పెట్టింది.

అప్పుడు వెనక వరుసలో టోపీ పైకి లేచింది.
"ఆ పొర విరిగేటప్పుడు చప్పుడు వస్తుందా?
పైన నిలబడ్డవాడికి వినపడుతుందా?"

దానికి స్లైడ్ లేదు.
మా భాషలో ఒక మాట ఉంది,
ఆ గదిలో సగం మందికి అది అక్కరకు రాదు.
ప్రొజెక్టర్ ఆపేశాను.
గుండెల్లోంచి ఊపిరి ఒక్కసారిగా కిందికి వదిలాను:
హుంఫ్.
ఇంటికప్పు కాస్త కుంగినట్టు.
అది వినపడితే ఇంకో అడుగు వేయొద్దు అన్నాను,
వచ్చిన దారినే వెనక్కి.

వంగి రాసుకున్నారు, ఎవరి లిపిలో వాళ్ళు.
ఖాంపుయ్ కాగితం మీద అది గుండ్రంగా ఉంది.
సింజిన్కాయో రాయలేదు.
పెదవులతో, చప్పుడు రాకుండా,
ఒకసారి అని చూసుకున్నాడు.

పదో స్లైడ్ మాత్రం ఇంకా చీమల బారే.
అక్కడిదాకా రాత్రి చాలలేదు,
నవంబరులో, ట్రోమ్సోలో.