చూపుడువేలు

పెన్రిన్ రేవులో పాటు వేళ.
ఏరు తన నీళ్ళు తాను తీసుకుపోతే
మిగిలిన నల్లటి బురదలో
ఒక పక్కకి ఒరిగి మా పడవ,
ఇరవై తొమ్మిది అడుగులది.

పోయిన నెలంతా యార్డులో చక్రాల మీద ఉండేది.
ఓడలు బళ్ళవుతాయని వినడమే గానీ
బండెక్కిన ఓడ కింద వెల్లకిలా పడుకుని
దాని పొట్ట గీకుతాననుకోలేదు.
మూడు రోజులు గుల్లలు రాల్చాను.
నాలుగో రోజు కూడా నా దువ్వెనలో
ఎర్ర రంగు పొడి.

పడవ మోర్వెన్నాది. అరవై మూడేళ్ళు.
పాతికేళ్ళు బడిలో వంట చేసింది.
ఆమెకి సముద్రమైనా
మూడొందల మంది పిల్లల మధ్యాహ్నం లాంటిదే:
లెక్క ముందే వేసుకోవాలి,
తర్వాత అరిచి లాభం లేదు.
మనిషికి రోజుకి మూడు లీటర్లు,
ముగ్గురం, అజోర్స్ దాకా పద్నాలుగు రోజులు,
"దానికి సగం మళ్ళీ కలుపు" అంటుంది.
నూట ఎనభై తొమ్మిది.
"ఇప్పుడు కాఫీలు తగ్గించుకో."

డబ్బాలకి కాగితాలు ఊడబెరకాలట.
అడుగున నీరు చేరితే నానిన కాగితం
పంపు గొంతుకి అడ్డం పడుతుందట.
నా ముందు నూట పది బోడి డబ్బాలు.
ఏది చిక్కుడుగింజలో ఏది పీచ్ పళ్ళో
మూతల మీద రాసే పని నాది.
అలవాటు కొద్దీ తెలుగులో రాసేశాను.
డెంజిల్ ఒక డబ్బా తిప్పి తిప్పి చూసి
"ఇదేం ముడి?" అన్నాడు.
తాళ్ళతో బతికినవాడు, మెలిక కనిపిస్తే ముడే.
"చి" అని చెప్పాను.
మర్నాడు పాత తాడుతో "చి" కట్టి తెచ్చాడు,
గుడితో సహా.

అతనే తెరచాప కొయ్య ఎక్కి
ఒక పిన్ను పీక్కొచ్చి నా అరచేతిలో పెట్టాడు.
వెంట్రుకంత చీలిక.
"కొయ్య మొత్తం దీని మీదే నిలబడింది, ఇన్నాళ్ళూ."
అది ఇంకా నా కోటు జేబులో ఉంది.

ఏరు దాటేదాకే ఓడ మల్లయ్య,
దాటాక బోడి మల్లయ్య అంటారు మావాళ్ళు.
డెంజిల్‌కి చెబితే కాసేపు ఆలోచించి
"మళ్ళీ తిరిగి రావద్దూ?" అన్నాడు.

నిన్న కారిక్ రోడ్స్ వెడల్పు నీళ్ళలో
మోర్వెన్నా చెప్పాపెట్టకుండా
ఎర్ర బకెట్ విసిరేసి
"మనిషి!" అని కేకేసింది.
నియమం ఒకటే. ముందు చూసినవాళ్ళు
చెయ్యి చాచి వేలు చూపిస్తూనే ఉండాలి.
తాడు అందుకోకూడదు, సాయానికి లేవకూడదు.
పడవ గిరుక్కున తిరిగినా
తెరచాప నెత్తి మీద ఫెళఫెళలాడినా
వేలు మాత్రం అక్కడే.

మంచి ఎండ. మోకాలెత్తు అలలు.
నా వేలి కొసన ఎర్రటి చుక్క
ఉంది, ఉంది, ఉంది.
ఒక్కసారి తుమ్మాను.

ముప్పావు గంట వెతికాం.
ఆమె తిట్టలేదు.
లాగ్ పుస్తకం తీసి
"రెండూ పది. పోయింది" అని రాసి,
పేరు దగ్గర ఆగి, వకుళ అని రాసింది.
నా పేరు.
తర్వాత ముగ్గురికీ టీ పెట్టింది.

ఇప్పుడంతా సిద్ధం, గాలి తప్ప.
రేడియోలో నైరుతి ఆరు, నైరుతి ఏడు,
మా దారికి ఎదురు.
ఉల్లిపాయల సంచి ఒకటి తాడుకి వేలాడుతూ
ఎక్కడికో వెళ్తున్నట్టు ఊగుతోంది.

రాత్రి రెండింటికి పోటు వచ్చింది.
బురద పెద్ద ముద్దు శబ్దంతో పడవని వదిలింది.
నిద్ర పట్టలేదు.
దుప్పట్లోంచి చెయ్యి తీసి
చీకట్లో డెంజిల్ గురక వైపు వేలు చాచి
నూరు దాకా లెక్కపెట్టాను.
తుమ్ము రాలేదు.

తర్వాత ఆమె పడుకున్న వైపు తిప్పాను.
నలభై దగ్గర ఉన్నాను,
"ఇంకొంచెం ఎడమకి" అంది మోర్వెన్నా.