ఒకే తీగ

బటూమిలో వాన మొదలైతే
నాలుగు రోజులకి గాని గుక్క తిప్పుకోదు.
రేవు గేటు ఎదురుగా గురామ్ గారి జిరాక్సు కొట్టు.
అందులో నేనూ, ఒక మెషినూ పనిచేస్తాం.
దాని జీతం ఇంకు. నాది అంతకన్నా కాస్త తక్కువ.

అచ్చు వేసేదీ అదే, చూసి దాచుకునేదీ అదే.
నోరొకటి, కన్నొకటి.
కంప్యూటర్‌కి పోయే దారి మాత్రం
బల్ల వెనక దుమ్ములో ఒక్క తీగ, ఒక్క పోర్టు.
కన్ను తెరిచినంతసేపూ నోరు కట్టేసుకోవాలి.

ఇవాళ సిసానా వచ్చింది,
బిస్కెట్ డబ్బాలో వాళ్లమ్మ ఉత్తరాలు పదిహేడు.
ఒక్కో కాగితాన్నీ గాజు మీద
చంటిపిల్లకి నీళ్లు పోసేటంత మెల్లగా పరుస్తోంది.
ఆరోదాని కింద వెలుగు
సగం దూరం నడిచి నిలబడిపోయింది.

అప్పుడే జురాబ్, టోపీ అంచునుంచి నీళ్లు కారుతూ:
"నాలుగింటికి ఓడ. ఒక్క పేజీ, ఒక్కటే."
నొక్కాను.
తెర మీద: వేచి ఉంది.
మళ్లీ నొక్కాను.
వేచి ఉన్నవి రెండయ్యాయి.

ఒక ఒరలో రెండు కత్తులేమిటని
తీగ పీకబోతే
గురామ్ గారు నా చెయ్యి పట్టుకున్నారు.
ముప్పై ఏళ్లు ఓడల్లో రేడియో ఆయనది.
"ఒకే ఛానెల్ మీద ఇద్దరు మాట్లాడితే
ఇద్దరికీ మిగిలేది గరగరే.
అటువాడు ముగించి మీట వదలాలి.
వదలకుండా నిద్రపోయాడొకడు,
రాత్రంతా సముద్రం వాడి గురక వింది."

జురాబ్ నవ్వలేదు. గడియారం చూశాడు.
చూడ్డానికింకేం లేక ఉత్తరాలు చూశాడు,
తలకిందులుగా.
ఒక మాట మీద తడి వేలు ఆనించబోయి, ఆపి,
"ఇది మనిషి పేరు కాదమ్మా. తాడుముడి.
మా ఓడల్లో వేస్తాం" అన్నాడు.

సిసానా డబ్బా మూత పట్టుకుని కూర్చుండిపోయింది.
"ఇరవై ఏళ్లు అనుమానించాను ఆ పేరుని.
ఎవడో అనుకున్నాను."

వెలుగు దానంతటదే కదిలింది,
అంచుదాకా పోయి వెనక్కొచ్చింది.
అయినా పోర్టు వదల్లేదు.
స్కానింగ్ కిటికీ నేను మూసేదాకా
పని అయిపోయిందని దానికి తెలియదు.
మూశాను. మెషిన్ దగ్గింది.

పత్రం రెండుసార్లు వచ్చింది.
ఒకటి మడిచి జేబులో పెట్టుకుని
రెండోదాని వెనక ఆ ముడి గీసిచ్చి
వానలోకి పరుగెత్తాడు, డబ్బులివ్వడం మరిచి.

దాన్ని కూడా, అంది సిసానా.
గాజు తుడిచి, కాగితం బోర్లించి
మూత దించాను.
రేవులో కూత.
లోపల మళ్లీ వెలుగు బయల్దేరింది.