రెండెకరాల పది గుంటలు

అమీర్‌పేట దాటింది మెట్రో.
చేతిలో ఫోను ఒక్కసారి వణికింది.
ఇరవై రెండు వేల ఐదు వందలు జమ.
కారణం: పంట నష్టం.

ఏ పంట?
నేను పండించేది బాల్కనీలో రెండు కుండీల పుదీన.
అది బాగానే ఉంది.

ఎర్రమంజిల్ వచ్చేదాకా తట్టలేదు,
నాన్న పోయాక నా పేరుకెక్కిన రెండెకరాల పది గుంటలు,
పాసుబుక్కులో పెళ్లికి ముందటి నా ఫోటో,
ఎకరానికి పన్నెండు వేల చొప్పున
జూన్ మొదట్లోనే కౌలు కట్టే సాయవ్వ.

రాళ్లవాన ఆ సాయంత్రం ఇక్కడా పడింది.
మోతీనగర్‌లో మా అపార్టుమెంటు పిల్లలు
స్టీలు గిన్నెలు పట్టుకుని టెర్రస్ మీదికి ఉరికారు.
ఏరిన వడగళ్లు సబ్జా షర్బత్‌లో వేసుకున్నాం.
వీడియో తీసి పెట్టాను. నలభై ఆరు మందికి నచ్చింది.
చప్పుడెంత బాగుందో అని రాసింది ఒకామె.
అదే మబ్బు
ఇక్కడికి రాకముందో, ఇక్కణ్నుంచి పోయాకో,
కోతకు వారమున్న వరి మీద కూడా
అంతే చప్పుడు చేసి ఉంటుంది.

ఏఈవో సారు గట్టు మీద నిలబడి అడిగాడట,
"ముప్పై మూడు శాతం పోయిందా, తక్కువనా?"
సాయవ్వ మడిలోకి దిగి
దోసెడు బురద ఎత్తి ఆయన ముందు పట్టిందట.
"గింజలు ఇండ్లనే వున్నయి సారూ, నువ్వే లెక్కవెట్టు."
ఆయన ప్యాంటు కాపాడుకుంటూ వెనక్కి జరిగి
ట్యాబులో ఏదో నొక్కాడు.
పేరడిగితే ఈమె తన పేరు చెప్పింది.
ట్యాబు నా పేరు చూపించింది.

ఇదంతా ఆమె చెప్పలేదు.
బోయిన్‌పల్లి మార్కెట్లో హమాలీ చేసే వాళ్ల చిన్నోడు
తర్వాతెప్పుడో చెప్పాడు, నవ్వుతూ.

ఆ రాత్రే పంపేద్దామనుకున్నాను.
అనుకున్న మాట నిజం.
మర్నాడు ఆఫీసులో ఆడిట్.
తర్వాత మా ఆడబిడ్డ వాళ్లింట్లో బారసాల.
ఐదో తారీకున, నన్నడక్కుండానే,
వాషింగ్ మెషిన్ వాయిదా రెండు వేల నూట నలభై
అదే ఖాతాలోంచి కోసుకుపోయింది.
ఆదివారం బట్టలు తిరుగుతుంటే
గాజు మూత వెనక నురగలో
వడ్లు తిరుగుతున్నట్టనిపించి స్విచ్చాపాను.
మళ్లీ వేశాను. బట్టలు తడిగా ఉన్నాయి మరి.

పదకొండో రోజు ఫోన్ చేశాను.
"మంచిగున్నవా బిడ్డా? అప్పుడు ఆడ గుడ రాళ్లు వడ్డయంట,
మీ కార్ల అద్దాలు పలగలేదు గద?"
పైసలొచ్చినయి, పంపుతా అన్నాను.
అవతల చాలాసేపు కోళ్ల అరుపులే వినబడ్డాయి.
"పంపకు.
నీ దగ్గర్నే వెట్టుకో, వచ్చే కౌలు కిందికి వట్టుకో.
ఇంక నాలుగు వేల ఐదొందలు తక్కువవడ్తయి,
జూన్‌ల తెచ్చిస్త.
పొలం మాత్రం వేరేటోళ్లకియ్యకు."

సాయవ్వా, ఆ పైసలు నీవి అన్నాను.
"ఔ బిడ్డా, ఔ" అంది
ఊరుకోబెట్టే గొంతుతో,
ఏడుస్తున్నది నేనైనట్టు.

ఫోను పెట్టేసి
ఆమె చిన్నోడి నంబరుకు మొత్తం అంకె కొట్టాను.
ఎందుకో రాయమంది తెర.
కౌలు అని రాసి చెరిపాను.
సాయం అని రాసి చెరిపాను.
ఏమీ రాయకుండానే నొక్కాను.
కాసేపు గుండ్రంగా తిరిగి తిరిగి
ఎర్రటి అక్షరాల్లో చెప్పింది:
ఖాతాలో నిల్వ చాలదు.